బడిని నడిపిందెవరు?

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. నేను చరిత్రకారుణ్ణి కాను. పుట్టింది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు. 1972లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పంచాయతీ సమితి ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో మండల పరిషత్తులో సూపరింటెండెంటుగా దిగిపోయాను. పేరుకు సూపరింటెండెంటునే గానీ, మనసులో ఇప్పటికీ గుమాస్తానే. ఫైళ్లలో చూసిందీ, పెద్దల వల్ల విన్నదీ నాలుగు మాటలు రాస్తాను.

మొన్న దసరా సెలవులకు వచ్చిన మా మనుమరాలు ఊళ్లో బడి ముందు నిలబడి ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, ఈ చిన్న బడి మీద మండల పరిషత్ అని రాసిండ్రు, పక్కనే పెద్ద బడి మీద జిల్లా పరిషత్ అని రాసిండ్రు. నడుమ ఒక్కటే గోడ గదా, ఓనర్లు ఇద్దరెందుకు?" నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అది మన రెండు జిల్లాల అరవై ఏళ్ల చరిత్రను అడిగిన ప్రశ్న. దానికి జవాబే ఈ వ్యాసం.

సర్కారు బడి, ఖాన్గీ బడి

మా నాయన చదివింది నిజాం కాలపు బడి. తహతానియా అంటే ప్రాథమిక పాఠశాల, వస్తానియా అంటే మాధ్యమిక పాఠశాల, ఫౌఖానియా అంటే ఉన్నత పాఠశాల. బడి పెట్టడం, పంతులును వేయడం, తీయడం అంతా హైదరాబాదులోని తాలీమాత్ శాఖ చేతిలో ఉండేది. పై చదువు ఉర్దూలోనే. ఊరి పెద్దలు చందాలు వేసుకొని ఖాన్గీ బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలలో సంస్థానాధీశుల పోషణ కొంత ఉండేది. మిగతా పల్లెల్లో చావడి అరుగు మీద, గుడి మండపంలో అయ్యవారు దిద్దించిన అక్షరాలే దిక్కు.

దీని మీద మొదట గొంతెత్తినవారిలో మన జిల్లాల వారు ముందున్నారు. నల్లగొండలో 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలిసింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు. వారిది గద్వాల ప్రాంతం. రెండవ మహాసభ 1931లో మా దేవరకొండలోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు గారు మహబూబ్‌నగర్ జిల్లావారే. ఆయన తరువాత 1952 నుంచి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి. అయిదవ మహాసభ 1936లో షాద్‌నగరులో జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్న మాట ఈ సభలలో మళ్లీ మళ్లీ వినిపించింది. ఆ కోరికలో ఇంకొక మాట కూడా దాగి వుంది. మా ఊరి పిల్లల చదువు విషయంలో మా ఊరి మాట కూడా వినండి అన్నదే అది.

షాద్‌నగర్ సభ

1948లో నిజాం పాలన పోయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, పల్లెల అభివృద్ధి పనులు పల్లె ప్రజలు ఎన్నుకున్న సంస్థల చేతికి రావాలని చెప్పింది. ఆ ప్రకారం 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైంది. తొమ్మిది రోజుల తరువాత, అక్టోబరు 11న, మన రాష్ట్రంలో దానిని ప్రధాని నెహ్రూ గారు ప్రారంభించారు. ఎక్కడంటే, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగరులో.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా మేనమామ ఆ సభకు సద్ది మూట కట్టుకొని నడిచి వెళ్లాడు. "నెహ్రూను చూసినవా మామా?" అని అడిగితే, "జనంల ఏం కనిపిస్తడురా, తెల్లటోపీ కనిపించింది" అనేవాడు.

నవంబరు 1 నుంచి సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం అమలులోకి వచ్చింది. ప్రాథమిక విద్య పంచాయతీ సమితికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు వచ్చాయి. మా మనుమరాలి ప్రశ్నకు సగం జవాబు ఇదే. 1959లో గీసిన ఆ గీత ఇప్పటికీ బడి బోర్డుల మీద కనిపిస్తున్నది.

సమితి కాలంలో బడి కథ ఒక తీర్మానంతో మొదలయ్యేది. ఊరివాళ్లు సమితి ప్రెసిడెంటు దగ్గరికి వచ్చేవారు. "స్థలం చూపండి, మీ వాటా వేయండి" అనేవారు ఆయన. వాటా నగదు కావచ్చు, రాయి కావచ్చు, ఇసుక బండ్లు కావచ్చు, శ్రమదానం కావచ్చు. మన జిల్లాలు మెట్ట జిల్లాలు. వాన పడితేనే పంట. డబ్బు లేనివారు వారానికి రెండు రోజులు పని చేసి గోడలు లేపిన ఊళ్లు నాకు తెలుసు. సమితి సమావేశంలో తీర్మానం, బి.డి.ఓ. గారి సంతకం, తరువాత పంతులు. మంచీ చెడూ రెండూ వుండేవి. ప్రెసిడెంటు గారికి నచ్చని పంతులు ఎండాకాలం సెలవుల తరువాత సమితి చివరి ఊళ్లో తేలేవాడు. జీతాల బిల్లులు నెలల తరబడి నిలిచిన రోజులు కూడా వున్నాయి. కానీ పంతులు రాకపోతే ఊరివాడు నడిచి వచ్చి అడిగేంత దూరంలో ఆఫీసు వుండేది. అది చిన్న విషయం కాదు.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రంలోని మొదటి గురుకుల పాఠశాల వెలిసింది. అప్పుడు ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు గారు. బీద పిల్లలు ఎందరో అక్కడ చదివి పెద్ద ఉద్యోగాలకు ఎక్కారు. అది మనకు గర్వకారణం. అయితే అది సమితి, పరిషత్తులతో పని లేని ఏర్పాటు. ఆ రోజు నుంచి మంచి బడి అంటే ఎక్కడో దూరాన వుండేదని, ఊరి బడి అంటే మిగిలినవారిదని జనంలో ఒక అభిప్రాయం మెల్లగా నాటుకుంది.

ఒక వేలిముద్ర

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఊరి పేరు రాయను.

నేను ఉద్యోగంలో చేరిన మరుసటి సంవత్సరం, దానంగా వచ్చిన బడి స్థలాల జాబితా ఒకటి నా సీటుకు వచ్చింది. ఆ స్థలాలను బడి పేర పహాణీలో ఎక్కించమని తాలూకా ఆఫీసుకు రాయాలి. రాశాను. జవాబు లేదు. ఒక రిమైండరు పంపాను. దానికీ లేదు. ఆ మార్చిలో పెండింగు ఫైళ్ల లెక్క తగ్గించమని ఒత్తిడి వచ్చింది. నేను ఆ ఫైలు మీద ఎల్.డిస్. అని రాసి మూసేశాను. ఎల్.డిస్. కాగితానికి ఆయుష్షు ఒక్క ఏడాదేనని, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా వుంటుందని ఈ సంచిక చదివే మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

ముప్పై ఏళ్లు గడిచాయి. 2003లో ఒక ఊరి హెడ్మాస్టరమ్మ గారు మండల పరిషత్తు ఆఫీసుకు వచ్చారు. బడి పక్కన రోడ్డు వెడల్పు అయింది, భూమి ధర పెరిగింది. బడి వున్న ఇరవై గుంటలు మావేనని దాత మనుమడు పహాణీ పట్టుకొని వచ్చాడు. పట్టాదారు కాలంలో వాళ్ల తాత పేరే వుంది. "సార్, మా దగ్గర ఒక్క కాగితం లేదు" అన్నారు ఆమె. ఊరి పేరు వినగానే నాకు గొంతులో తడి ఆరిపోయింది. అది నా జాబితాలోని ఊరు.

సమితులు రద్దయినప్పుడు పాత రికార్డు గోనె సంచుల్లో కట్టి మండలాలకు పంచారు. మూడు ఆదివారాలు నేనూ, అటెండరూ ఆ సంచులు విప్పాం. సగం చెదలపాలు. మూడవ ఆదివారం 1961 నాటి మినిట్సు పుస్తకం దొరికింది. తీర్మానం వుంది. "బడి కొరకు నా ఇష్టపూర్వకంగా" అన్న మాట కింద దాత వేలిముద్ర, నీలం సిరా ఇంకా వెలిసిపోలేదు.

గ్రామసభలో ఆ పేజీ చదివాం. మనుమడు చట్టం మాట్లాడాడు. అప్పుడు దాత కోడలు, ఎనభై ఏళ్ల ముసలమ్మ, కర్ర పట్టుకొని లేచింది. "మా మామ ఇచ్చిండు. నేను ఆ గోడలకు నీళ్లు మోసిన. ఇచ్చినంక ఇచ్చినట్టే బిడ్డా" అంది. దానితో బడి నిలిచింది. కానీ రోడ్డు పక్క ఆరు గుంటలు అప్పటికే సాదా బైనామా మీద చేతులు మారాయి, అక్కడ దుకాణాలు లేచాయి. పిల్లలు ఆడుకునే జాగా అదే. నేను 1973లో ఇంకొక రిమైండరు రాసి వుంటే ఆ జాగా దక్కేదేమో. ఆ మాట ఈ రోజుకీ నన్ను వదలదు.

మండలాలు, కమిటీలు

1985లో మండలాలు ఏర్పడ్డాయి. మహబూబ్‌నగర్ జిల్లాకు 64, నల్లగొండ జిల్లాకు 59. 1987 ఎన్నికలతో సమితి స్థానంలో మండల ప్రజా పరిషత్తు వచ్చింది, చిన్న బడి దాని కిందికి వెళ్లింది. మనుమరాలి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన 29 అంశాలలో చేర్చింది. 1994 చట్టం జిల్లా పరిషత్తులో విద్యకు, వైద్యానికి కలిపి ఒక స్థాయీ సంఘం పెట్టింది. కాగితం మీద అంతా బాగుంది. కానీ పంతుళ్ల నియామకం, బదిలీ, జీతం ఒక్కొక్కటే ప్రభుత్వ శాఖ చేతికి పోయాయి. పంతుళ్లకు నెల నెలా జీతం అందడం మంచిదే. ఆ మేలుతో పాటు, పరిషత్తు బోర్డు మీద పేరుగానే మిగిలింది.

పైగా ఎన్నికలు సకాలంలో జరగని ఏళ్లు ఎన్నో. 1981 ఎన్నికలకు ముందు కొన్నేళ్లు, మళ్లీ 2011 నుంచి 2014 వరకు స్పెషల్ ఆఫీసర్ల పాలనే. వారు చెడ్డవారని కాదు. నాలుగు ఆఫీసుల పని నెత్తిన వున్న అధికారిని ఊరి బడి కప్పు కురుస్తున్నదని అడిగేదెవరు?

1998లో విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. తల్లిదండ్రులు ఎన్నుకున్న పాఠశాల కమిటీలు, వాటిపైన పంచాయతీ, మండల కమిటీలు, జిల్లా విద్యా బోర్డు. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి పాఠశాల యాజమాన్య కమిటీలను తెచ్చింది. అందులో నూటికి డెబ్బై అయిదుగురు తల్లిదండ్రులే వుండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు మన బడి' కార్యక్రమం మొదలైంది. 2024లో బడి మరమ్మతులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు, అంటే ఊరి మహిళా సంఘాలకు అప్పగించారు. ఈ మధ్యలో 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. షాద్‌నగర్ సభ జరిగిన తేదీకే! పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత పాలమూరు 2019లో నారాయణపేటతో కలిపి అయిదు జిల్లాలైంది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాకు పోయింది. 2019లో కొత్త జిల్లాలకు ఎన్నికైన పరిషత్తుల గడువు 2024 జూలైలో ముగిసింది.

ఇన్ని చట్టాల ఫలితం ఏమిటని అడుగుతారు. 1991 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లాలో చదువు వచ్చినవారు నూటికి ముప్పై మంది కూడా లేరు. 2011 నాటికి 55 మంది అయ్యారు, నల్లగొండలో 64 మంది. పెరిగింది నిజం. అయినా అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మన పాలమూరుది చివరి స్థానమే. తల్లిదండ్రులు వలస పోతే పిల్లవాడూ మూట నెత్తికెత్తుకొని పోయేవాడు. అలాంటి ఇంటివారు కమిటీ మీటింగుకు ఎలా వస్తారు?

మన పని

నాకు అర్థమైంది ఒక్కటే. సమితి అన్నా, మండలం అన్నా, కమిటీ అన్నా పేరు మారింది. బడిని నిజంగా నిలబెట్టింది స్థలం ఇచ్చినవాడు, నీళ్లు మోసినామె, పంతులు రాకపోతే అడిగినవాడు. వారి పని కాగితం మీదికి ఎక్కిన చోట బడి నిలిచింది. ఎక్కని చోట కరిగిపోయింది.

కాగితం పని మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి. ప్రతి ఒక్కరూ తమ ఊరి బడికి ఒకసారి వెళ్లండి. స్థలం ఎంత, ఎవరిచ్చారు, రికార్డులో ఎవరి పేర వుంది అని హెడ్మాస్టరు గారితో కూర్చొని చూడండి. బడి పేర లేకపోతే అర్జీ మీరే రాసిపెట్టండి, జవాబు వచ్చే దాకా గుర్తు చేయండి. కమిటీలోని తల్లులకు తీర్మానం ఎలా రాయాలో, ఖర్చు లెక్క ఎలా చూడాలో చెప్పండి. పెత్తనం వద్దు, చేతిసాయం చాలు. దాతల పేర్లు చెప్పగల ముసలివాళ్లు ఊరికి ఒకరిద్దరే మిగిలారు. వారున్నప్పుడే రాసి పెట్టండి.

ఈసారి సెలవులకు వస్తే మనుమరాలిని ఆ ఊరికి తీసుకుపోయి, 1961 నాటి బడిని చూపిస్తాను. ఆడుకునే జాగా ఏదని తప్పకుండా అడుగుతుంది. నిజమే చెప్తాను.

సెలవు.