చిల్టర్న్ కొండల మీద కాశీరాజు బావి

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చిల్టర్న్ కొండల మీద స్టోక్ రో అనే చిన్న ఊరుంది. ఆ ఊరి రోడ్డు పక్కన ఇనుప స్తంభాల మీద నిలిచిన గుమ్మటం ఒకటి, దాని నీడలో బంగారు పూతతో మెరిసే ఏనుగు బొమ్మ ఒకటి కనిపిస్తాయి. ఏనుగు కింద ఉన్నది మంచినీళ్ల బావి. తవ్వించినవాడు కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్. వలస పాలనలో ఇక్కడి సొమ్ము ఇంగ్లండ్‌కు తరలడం మామూలే. అక్కడి పల్లె జనం దాహం తీర్చడానికి దానంగా వెళ్లడం మాత్రం విచిత్రం.

ఈ ఊరి పాత శతాబ్దాలు చాలావరకు బీచ్ చెట్ల అడవి, కలప పని, ఇటుకల మట్టితోనే గడిచాయి. 1846లో సెయింట్ జాన్ చర్చి కట్టారు. కొరత అల్లా నీళ్లకే. సుద్దరాయి కొండ వాననీటిని లోపలికి పీల్చేసుకుంటుంది. జనం కుంటల్లో, మట్టి తవ్విన గుంటల్లో నిలిచిన నీళ్లనే వాడుకునేవారు. ఎండాకాలంలో అవీ ఇంకిపోయేవి.

ఇప్స్‌డెన్ ఇక్కడికి దగ్గరి ఊరు. ఆ ఊరి రీడ్ కుటుంబంలో ఒకడు నవలా రచయిత చార్లెస్ రీడ్. అతని అన్న ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ ఉత్తర భారతంలో కంపెనీ అధికారి. 1831లో ఆజంగఢ్‌లో జనం కోసం ఒక బావి తవ్వించాడు. కాశీరాజుతో స్నేహం కుదిరాక మాటల్లో తన ఊరి సంగతి చెప్పాడు: ఇంట్లో మిగిలిన చివరి గుక్కెడు నీళ్లు తాగేశాడని ఒక తల్లి కొడుకును కొట్టిందట. 1857 తిరుగుబాటులో కాశీరాజు బ్రిటిష్ వారి పక్షాన నిలిచాడు. ఆ గొడవలు సద్దుమణిగి రీడ్ స్వదేశం చేరాక, రాజు ఆ మాట మరచిపోకుండా బావికి డబ్బిచ్చాడు. రాజభక్తి ప్రదర్శన ఇందులో కొంత ఉందనుకున్నా, పిల్లవాడి కథ మనసుకు తగలకపోతే దానం ఇంత మారుమూల పల్లెను వెతుక్కుంటూ వెళ్లేది కాదు.

1863 మార్చి 10న, వేల్స్ యువరాజు పెళ్లిరోజున, పని మొదలైంది. నాలుగడుగుల వెడల్పున, 368 అడుగుల లోతుకు, అంతా మనుషులు చేత్తోనే తవ్వారు. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్ ఎత్తు కూడా అంత లేదు. అడుగున పనివాడి తలపై కనిపించే ఆకాశం ఎంతో ఊహించుకోవచ్చు! వాలింగ్‌ఫర్డ్‌కు చెందిన వైల్డర్ కంపెనీ చేదను పైకి లాగే యంత్రం చేసింది. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని ప్రారంభించారు. నీళ్లు అందరికీ ఉచితం. పక్కనే కావలివాడికి ఇల్లు కట్టి, చెర్రీ తోట వేసి దానికి ఈశ్రీ బాగ్ అని పేరు పెట్టారు. పళ్లమ్మిన డబ్బు బావి నిర్వహణకు. తోటలోని చిన్న కొలను చేప ఆకారంలో ఉంటుంది. చేప కాశీరాజు చిహ్నం. 1882లో హత్యాయత్నం నుంచి రాణి బయటపడినప్పుడు ఊరివాళ్లకు రాజు రొట్టె, టీ, చక్కెర పంచిపెట్టించాడు.

ఇలాంటి దానమే ఒకటి తెలుగునేల నుంచీ వెళ్లింది. లండన్‌ హైడ్ పార్కులో బాటసారుల దాహం తీర్చడానికి 1867లో విజయనగరం మహారాజు ఖర్చుతో ఒక తాగునీటి ఫౌంటెన్ కట్టారు. దాన్ని 1964లో తొలగించారు. ఇప్పుడక్కడ ఒక ఫలకమే గుర్తు. వందేళ్లు కూడా నిండనివ్వలేదు. రద్దీ నగరానికి పాత రాళ్లంటే అడ్డమే కాబోలు. సరిగ్గా అదే ఏడాది స్టోక్ రోలో బావికి నూరేళ్ల పండుగ జరిగింది. ప్రిన్స్ ఫిలిప్ వచ్చాడు, గంగాజలం తెచ్చి బావిలో కలిపారు.

అప్పటికే ఇళ్లకు కుళాయిలు వచ్చి చేదకు పని లేకుండా పోయింది. గుమ్మటం, ఏనుగు, కావలివాడి ఇల్లు మాత్రం నిలిచి ఉన్నాయి.