సెట్టు మీది మాట ఎక్కడ తప్పిపోయింది?

ఇంట్లో కంప్యూటరు ఉన్నట్టుండి మూగబోతే, తెలిసినవాళ్లు వెంటనే కొత్త స్పీకరు కొనరు. ఫైల్లో అసలు ధ్వని ఉందా, మ్యూట్ నొక్కి ఉందా, శబ్దం స్పీకరుకు కాక మానిటరుకు వెళ్తోందా, డ్రైవరు సరిగా ఉందా అని మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తారు. చాలాసార్లు ఏదీ చెడిపోయి ఉండదు. ఎప్పుడో ఒక అవసరానికి మార్చిన సెట్టింగు అలాగే ఉండిపోయి ఉంటుంది. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల తెలుగు సినిమా చరిత్రనూ ఈ పద్ధతిలోనే పరీక్షించాలి. కెమెరా ముందు నటులు పలికిన మాట దశాబ్దాలపాటు మన తెరకు చేరలేదు. అందుకు యంత్రాలే కారణమని చెప్పుకుంటూ వచ్చాం. యంత్రం అడ్డుపడింది కొంతకాలమే, ఆ తర్వాత అడ్డుపడింది అలవాటేనని నా వాదన.

మొదట్లో ధ్వనికి లోటు లేదు. 1932లో విడుదలైన హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’లో నటులు మైకు ముందే మాట్లాడారు, అక్కడే పాడారు. ప్లేబ్యాక్ వచ్చి పాటను విడదీసినా మాట సెట్టు మీదే నిలిచింది. వాహినీ వంటి మద్రాసు స్టూడియోల ఫ్లోర్లలో బయటి రొద వినపడకుండా జాగ్రత్తపడేవారు, కెమెరా చప్పుడు మైకుకు అందకుండా దానికి తొడుగు వేసేవారు. చిత్రీకరణ ఊళ్లకూ పొలాలకూ కదిలాక లెక్క మారింది. చేత్తో ఎత్తుకుపోగలిగే ఏరీఫ్లెక్స్ 2సీ కెమెరా గరగరలాడుతూ తిరిగేది. అందుకే సెట్టు మీద రికార్డయిన మాట గుర్తుకోసం ఉంచుకునే పైలట్ ట్రాక్‌గా మిగిలిపోయింది. అసలు మాటను ఆ తర్వాత డబ్బింగ్ థియేటర్లో పెదాల కదలికకు సరిపెట్టి చెప్పించారు. ఆనాటికి అది న్యాయమైన నిర్ణయం.

పరిశ్రమ హైదరాబాదులో స్థిరపడిన కాలం కూడా అదే. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలతో ఈ కొండల మీద సినిమా వాడ పెరిగింది. దాని పని తీరంతా డబ్బింగ్ ఉంటుందన్న నమ్మకం మీదే కుదురుకుంది. షాట్ నడుస్తుండగానే దర్శకుడు గట్టిగా సూచనలు ఇవ్వవచ్చు, తెలుగు రాని కథానాయికకు పక్కనుంచి డైలాగు అందించవచ్చు. నిశ్శబ్దం ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. చప్పుడు చేయని డిజిటల్ కెమెరాలు వచ్చి మొదటి కారణం తొలగిపోయినా ఈ ఏర్పాటు మాత్రం మారలేదు. 2016లో ‘పెళ్ళిచూపులు’ సింక్ సౌండ్‌తో, అంటే షాట్ తీస్తుండగానే రికార్డు చేసిన మాటతో వచ్చి, హైదరాబాదు ఇళ్లలో తీసిన సినిమాకైనా అక్కడికక్కడే మాట పట్టవచ్చని చూపించింది.

డబ్బింగ్ మనకు గొప్ప కళాకారుల్ని ఇవ్వలేదా అని అడగవచ్చు. తప్పకుండా ఇచ్చింది. ‘అరుంధతి’లో సోనూ సూద్ పాత్రకు పి.రవిశంకర్ గొంతే ప్రాణం. ‘ఏ మాయ చేశావే’లో సమంతకు చిన్మయి గొంతు అతికినట్టు కుదిరింది. పాత్ర కోరినప్పుడు ఆ కళకు గౌరవం దక్కాల్సిందే. కానీ అన్ని సినిమాలకూ అదే దారి అయితే, డబ్బింగ్ గదిలో మాట తిరిగి దొరికినా మనిషికీ మనిషికీ మధ్య దూరం, పరుగు తర్వాతి ఆయాసం, తడబాటులోని నిజం అంత తేలిగ్గా దొరకవు. నగరం రొదలో ఇది సాధ్యమా అన్నది ఇంకో అభ్యంతరం. ‘లగాన్’ను భుజ్ దగ్గర ఆరుబయట, వేలమంది జనంతో సింక్ సౌండ్‌లోనే తీశారు. రొద ఉన్న చోట కావలసింది ముందుచూపు: లొకేషన్ చూడ్డానికి వెళ్లేటప్పుడే సౌండ్ రికార్డిస్టును తీసుకెళ్లడం, జనరేటరును దూరంగా పెట్టించడం, షాట్ సమయంలో యూనిట్ అంతా మౌనం పాటించడం. వీటికి కొంత ఖర్చవుతుంది. వెలుగు కోసం లైట్లకూ క్రేన్లకూ వెనకాడకుండా ఖర్చుపెట్టే పరిశ్రమ, మాట కోసం ఆ మాత్రం భరించలేననడం సబబు కాదు. డబ్బింగ్ కావాలో వద్దో స్క్రిప్టు దశలోనే, ఒక్కో సినిమాకు విడిగా తేల్చుకోవాలి.