అమ్మకాల లెక్క: కాపీరైట్ చట్టంలో రచయిత, ప్రచురణకర్త

రచయితకు, ప్రచురణకర్తకు మధ్య అసమానత ఒప్పందం మీద సంతకం పెట్టేనాడే మొదలవుతుంది. అది బిగుసుకునేది మాత్రం పుస్తకం అచ్చయ్యాక. ఎన్ని కాపీలు వేశారు, ఎన్ని అమ్ముడుపోయాయి, దుకాణాల నుంచి ఎన్ని తిరిగొచ్చాయి అన్న లెక్క ప్రచురణకర్త దగ్గరే ఉంటుంది. రాయల్టీ ఎంత శాతమో రచయితకు తెలుసు. ఎంత మొత్తంలో శాతమో సరిచూసుకునే దారి లేదు.

భారత కాపీరైట్ చట్టం (1957) సంతకం దశలో రచయితను బాగానే కాపాడింది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, రచయిత సంతకంతో జరగాలి. ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీకి అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే నిర్ణయించింది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, బదిలీ రద్దయినట్టే. వారపత్రికల సీరియళ్లకు 17వ సెక్షన్ ముఖ్యం. పత్రికలో ఉద్యోగిగా ఉండి రాసినా, వేరే ఒప్పందం లేకపోతే యాజమాన్యానికి దక్కేది పత్రికల్లో ప్రచురించుకునే హక్కే. పుస్తకంగా వేసే హక్కు రచయితదే. పెద్ద సంఖ్యలో నవలలు సీరియళ్లుగానే పుట్టిన తెలుగులో ఈ సంగతి ప్రతి రచయితా తెలుసుకోవలసినది.

ఇంత వివరంగా రాసిన చట్టం, పుస్తక ప్రచురణకర్త ఏటా అమ్మకాల లెక్క రచయితకు చూపాలని మాత్రం ఎక్కడా అనలేదు. వివాదం వస్తే 19ఎ సెక్షన్ కింద రాయల్టీ బకాయి వసూలుకు వాణిజ్య న్యాయస్థానానికి వెళ్లవచ్చు. బదిలీనే రద్దు చేయించాలంటే షరతులు రచయిత పట్ల కఠినంగా ఉన్నాయని తేలాలి. అప్పుడైనా తొలి ఐదేళ్లలో రద్దు ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదు. బకాయి ఉందని చూపే కాగితాలేమో ఎదుటిపక్షం బీరువాలో ఉంటాయి. పైగా తరువాతి పుస్తకం వేయవలసిందీ ఆ సంస్థే కావచ్చు. రచయితలు వ్యాజ్యానికి వెనకాడటంలో ఆశ్చర్యం లేదు.

2022లో హిందీ రచయిత వినోద్ కుమార్ శుక్లా తన పుస్తకాలకు అందుతున్న రాయల్టీ చాలా తక్కువని బహిరంగంగా చెప్పడంతో హిందీ సాహిత్య రంగంలో పెద్ద చర్చ జరిగింది. అంతటి పేరున్న రచయితకే ఈ గోడు తప్పలేదంటే కొత్తవారి స్థితి ఊహించవచ్చు.

ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన కాపీరైట్ ఆదేశం ఈ లోటునే పట్టించుకుంది. రచన వినియోగం, దానిపై వచ్చిన ఆదాయం, చెల్లించవలసిన ప్రతిఫలం వివరాలను కనీసం ఏడాదికొకసారి రచయితకు అందేలా చూడాలని 19వ అధికరణం సభ్యదేశాలను కోరుతుంది. మొదట ఒప్పుకున్న ప్రతిఫలం, తరువాత వచ్చిన ఆదాయం ముందు మరీ తక్కువని తేలితే అదనంగా కోరే హక్కు 20వ అధికరణంలో ఉంది. లెక్క చేతికి రానిదే ఈ రెండో హక్కు అక్కరకు రాదు; భారతదేశంలో సవరణ ఏదైనా వస్తే లెక్కతోనే మొదలుకావాలి.

తెలుగులో మరో తీరు కూడా బలంగా ఉంది. చాలామంది సొంత ఖర్చుతో పుస్తకం వేసి, కమీషన్ మీద పంపిణీదారుకు అప్పగిస్తారు. ఇక్కడ హక్కుల బదిలీయే జరగదు కనుక 19, 19ఎ సెక్షన్లు వర్తించవు. మిగిలిన కాపీల లెక్క, డబ్బు చెల్లించే గడువు తరచూ నోటిమాట మీదే నడుస్తాయి. రచయితకు ఉండే ఆధారాలు కాపీలు అప్పగించినప్పటి రసీదు, 1872 నాటి ఒప్పందాల చట్టం.