గుండ్లకమ్మ వెంట గల్ పక్షులు: తలను వదిలి రెక్కను పట్టిన చరిత్ర

చలికాలంలో ఆంధ్ర తీరానికి వచ్చే గల్ పక్షుల్లో రెండు జాతులు ఒకదాన్నొకటి బాగా పోలి ఉంటాయి. ఒకటి గోధుమతల గల్, రెండోది నల్లతల గల్. రెండింటికీ ఒళ్లు తెలుపు, వీపు లేత బూడిద, ముక్కూ కాళ్లూ ఎరుపు. పేర్లలో కనిపించే తల రంగు గుడ్లు పెట్టే కాలానిది. మన నీళ్ల మీదికి వచ్చేసరికి రెండింటి తలా తెల్లబడి ఉంటుంది, కంటి వెనక ఒక ముదురు మచ్చ మాత్రం మిగులుతుంది. చలికాలం ముగిసేటప్పుడు తల మళ్లీ రంగెక్కుతుంది, అప్పటికి తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది. పైగా నల్లతల గల్ తల కూడా దగ్గర నుంచి చూస్తే ముదురు గోధుమ రంగే. అందువల్ల ఈ రెంటినీ వేరుగా గుర్తుపట్టడం తలను పక్కనపెట్టి రెక్కను చూడటం నేర్చుకున్నాకే సాధ్యమైంది.

ఇది ప్రధానంగా కోస్తా పక్షుల సంగతే అయినా కంభం ప్రాంతానికి పరాయిది కాదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, జంపలేరుతో కలిసి కంభం చెరువును నింపి, మార్కాపురం వైపుగా సాగి, ఒంగోలుకు దగ్గర్లో బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండల మధ్య ఇరుకులో ఏటికి అడ్డంగా కట్ట వేయించింది శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని ప్రతీతి. 20వ శతాబ్దం మొదట్లో నమోదైన లెక్కల ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు. 2020లో ఈ చెరువు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాకెక్కింది. 1970 వరకు కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో, ఒంగోలు గుంటూరు జిల్లాలో, కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ ఏడు ఫిబ్రవరి 2న ఈ మూడు జిల్లాల భాగాలతో ఏర్పడ్డ కొత్త జిల్లాతో కొండలోని చెరువూ సముద్రపు రేవూ ఒకే పాలన కిందికి వచ్చాయి.

నల్లతల గల్‌కు శాస్త్రీయ నామం పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1766లో. గోధుమతల గల్ వేరే జాతి అని తేలడానికి మరో 70 ఏళ్లు దాటింది. దాన్ని 1840లో వర్ణించినవాడు మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ కావర్‌హిల్ జెర్డన్. భారత ద్వీపకల్పపు పక్షుల జాబితాను మద్రాసు సాహిత్య శాస్త్ర పత్రికలో వరుసగా ప్రచురిస్తూ, పశ్చిమ తీరంలో దొరికిన పక్షుల ఆధారంగా ఈ జాతిని వేరుచేశాడు. ఆ తర్వాత ఆయన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. అక్కడి యానాదుల దగ్గర ఆయన ఎంతో నేర్చుకున్నాడు. అడవినీ చెరువునీ ఏ పక్షి ఎప్పుడు ఎక్కడ మేస్తుందో దాన్నీ క్షుణ్ణంగా ఎరిగిన ఆ మనుషుల జ్ఞానం ఆనాటి పక్షిశాస్త్రానికి పెద్ద పెట్టుబడి. పుస్తకాల అట్టల మీద మాత్రం వాళ్ల పేర్లు లేవు. 1843-47 మధ్య వెలువడిన జెర్డన్ చిత్ర గ్రంథంలోని 50 ఫలకాలకు బొమ్మలు గీసినవాళ్లలో భారతీయ చిత్రకారులున్నారు. ఆయన పేరుతోనే పిలిచే కలివికోడిని 1848లో పక్షిశాస్త్రవేత్త బ్లైత్ వర్ణించాడు. 1900 తర్వాత జాడలేని ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది.

ఆ కాలంలో పక్షిని గుర్తించడమంటే తుపాకీతో కొట్టి బల్ల మీద పరిశీలించడమే. చర్మం ఒలిచి, పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు పూసి, లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. ఊరు, తేదీ, ఆడా మగా అన్నవి ఆ చీటీలో ఉండేవి. గల్ పక్షుల విషయంలో ఈ పద్ధతికి పెద్ద లోటుంది. కంటి స్థానంలో దూది మిగులుతుంది. ముక్కు, కాళ్ల ఎరుపు కొన్నాళ్లకు మట్టి రంగుకు తిరుగుతుంది. ఎదిగిన గోధుమతల గల్ కన్ను లేత రంగులో, నల్లతల గల్ కన్ను ముదురు రంగులో ఉంటుంది. ఒలిచినవాడు అప్పుడే చీటీ మీద రాయకపోతే ఆ తేడా శాశ్వతంగా పోయినట్టే. చెడకుండా నిలిచేది ఈకలే. ఆ ఈకల్లోనే అసలు జవాబు ఉంది.

నల్లతల గల్ ఎగిరేటప్పుడు రెక్క ముందంచు వెంబడి చివరిదాకా వెడల్పుగా తెల్లని పట్టీ కనిపిస్తుంది, నలుపు వెనకంచుకే పరిమితం. గోధుమతల గల్ రెక్క కొన పెద్ద నల్లని ముక్కోణం, దాని లోపల రెండు తెల్లని మచ్చలుంటాయి. వీటిని పక్షులు చూసేవాళ్లు మిర్రర్లంటారు. తెల్లదనం దానికీ ఉంది, అయితే అది నలుపుకు వెనక, రెక్క మణికట్టు దగ్గర. కింది నుంచి చూసినా గోధుమతల గల్ రెక్క కొన ముదురుగానే ఉంటుంది. దాని ఒళ్లు కాస్త పెద్దది, సుమారు 42 సెంటీమీటర్లు, ముక్కు దిట్టం. నల్లతల గల్ సుమారు 38 సెంటీమీటర్లు ఉంటుంది. పిల్లపక్షుల దగ్గర చిక్కు పెరుగుతుంది: గోధుమతల గల్ పిల్లకు రెక్క కొనలో మిర్రర్లుండవు, కన్ను కూడా ముదురే, తోక చివర నల్ల పట్టీ రెండు జాతుల పిల్లలకూ ఉంటుంది. అక్కడ కూడా కొన నలుపు ఎంత వెడల్పున్నదో చూడటమే దారి.

తుపాకీ స్థానంలోకి బైనాక్యులర్ వచ్చాక ఈ గుర్తులకు విలువ పెరిగింది. 1941లో సలీం అలీ భారతీయ పక్షుల పుస్తకం వెలువడి, చంపకుండా చూసి తెలుసుకునే అలవాటును సామాన్య పాఠకుడి దాకా తెచ్చింది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన సాగుతోంది. జనవరి అంటే తలలు తెల్లగా ఉండే నెల, కాబట్టి రెక్క చూడనివాడి లెక్క నమ్మదగింది కాదు. డిజిటల్ కెమెరా ఈ పనిని ఎంతో తేలిక చేసింది. ఒక్క క్షణం విప్పిన రెక్క ఫొటోలో నిలిచి, తీరిగ్గా పరిశీలించడానికి వీలిస్తుంది.

కంభం చెరువు వంటి లోతట్టు నీళ్ల దగ్గర అంతకన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి: పక్షి గల్లా, టెర్నా? సముద్రానికి దూరంగా ఉన్న చెరువుల మీద గల్‌లా తెల్లగా ఎగిరేవి చాలావరకు టెర్న్‌లే. టెర్న్ సన్నని రెక్కలతో తేలిగ్గా ఎగురుతుంది, ముక్కును కిందికి వంచి నీటిని వెతుకుతుంది. నది టెర్న్‌కు పసుపు ముక్కు, లోతుగా చీలిన తోక. గల్ ఒళ్లు బరువైనది, తోక చివర విసనకర్రలా గుండ్రం, బాతులా నీటి మీద కూర్చుని తేలడం దానికి మామూలే. గోధుమతల గల్ అప్పుడప్పుడు లోతట్టు పెద్ద జలాశయాలకూ వస్తుంది కనుక ఈ మొదటి మెట్టు దాటాకే రెక్క కొన చూడాలి.

వర్గీకరణ కూడా స్థిరంగా నిలవలేదు. 2005లో జన్యు అధ్యయనం ఆధారంగా ఈ రెండు జాతులనూ లారస్ ప్రజాతి నుంచి విడదీసి క్రోయికోసెఫాలస్ అనే ప్రజాతిలో చేర్చాలని ప్రతిపాదించారు, దాన్ని చాలామంది అంగీకరించారు. ఇలాంటి అనిశ్చితి పెద్ద గల్‌లలోనూ ఉంది. వాటిలో పల్లాస్ గల్‌ను పసుపు ముక్కు మీది నల్ల పట్టీతో పోల్చుకోవచ్చు. హ్యూగ్లిన్, స్టెప్పీ గల్‌లను మాత్రం ప్రధానంగా వీపు బూడిద రంగు గాఢతను బట్టి విడదీయాలి. ఎండ కోణం మారితే ఆ గాఢత కూడా మారినట్టు కనబడుతుంది. అవి వేర్వేరు జాతులా, ఒకే జాతిలోని రూపాలా అన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.