రంగులే అక్షరములు



రథములకును మండపములకును కట్టెడి చిత్రవస్త్రములను మనము నేడు అలంకారములుగనే చూచుచున్నాము. అక్షరము నేర్వని భక్తులకు ఒకప్పుడు అవియే రామాయణ భారతములు.

స్వర్ణముఖీ తీరమందలి శ్రీకాళహస్తి చిత్రకారులు వెదురు కలముతో వ్రాసెడి ఆ కలంకారీ వస్త్రములలో రంగును చూచియే పాత్రను గుర్తింపవచ్చును. సాధారణముగా దేవతలకు నీలము, స్త్రీలకు పసుపు, అసురులకు ఎరుపు. నీలము ఆకాశమువలె అనంతమును స్ఫురింపజేసి మనస్సును శాంతపరచును. కుంకుమయందు మంగళకరమైన ఎరుపే అసురుని దేహమున రజోగుణమును తలపించును. రంగునకు అర్థము స్థానమును బట్టి కలుగుచున్నది.

ఆ రంగుల వెనుక ఓర్పును కలదు. కరక్కాయ, పాలు పట్టించిన బట్టపై, బెల్లపు నీటిలో ఇనుము ఊరబెట్టిన ద్రవము నలుపగును. పటిక పూసిన చోటనే ఎరుపు నిలుచును.

క్షీణించుచున్న ఈ విద్యకు 1957లో శ్రీకాళహస్తియందు ఏర్పడిన శిక్షణకేంద్రము ఊపిరి పోసినది. 2008లో జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టిగారు పద్మశ్రీ పురస్కారము పొందిరి. అయినను ఇంటి గోడకు నప్పవలెనని రాముని వర్ణమును మార్పించినచో బట్ట మిగులును, కథ మాయమగును.

కావున ఆలయమునకు వస్త్రము సమర్పించునపుడు ఏ రంగు ఎవరికో, ఏలనో చిత్రకారుని అడిగి తెలిసికొని, మన పిల్లలకు చెప్పుదము. అదియు స్వామి సేవయే.