పెద్ద పొడకి పెట్టె

పాముని పెట్టెలో పెట్టి సాకడం అనే పనికి చరిత్ర రాయాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు, విశాఖపట్నంలోనే మొదలుపెట్టవచ్చు. 1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు అక్కడికి వచ్చాడు. అంతకు ముందు సిరియాలోని అలెప్పోలో చాలా ఏళ్లు వైద్యం చేసినవాడు. తమ్ముడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నం పాలన చూడటానికి వస్తుంటే తోడుగా వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని తన ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. పాము కరిచి జనం చస్తున్నారు, ఏది విషప్పామో ఏది కాదో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు; అదీ ఆయన దిగులు. తీరం పొడుగునా ఉన్న ఉద్యోగులకి కబురు పెట్టి పాములు తెప్పించుకున్నాడు. కోళ్ల మీదా కుక్కల మీదా విషం పరీక్షించాడు. 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం అచ్చయింది, రంగుల బొమ్మలతో.

ఆ పుస్తకంలో పాముల పేర్లు చాలావరకు తెలుగువి. ఇక్కడి వాళ్లు ఏమంటే అదే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడాయన. ఇవాళ ప్రపంచమంతా రస్సెల్ పేరుతో పిలిచే రక్తపింజరి అందులో కాటుక రేకుల పొడ. కొండచిలువ పెద్ద పొడ. బొమ్మ గీయించుకుని, పొలుసులు లెక్కపెట్టి, పేరు రాసుకున్నాక దాని పని అయిపోయింది. ఆయన వెతుకులాట విషం కోసం, దీనికేమో విషం లేదు. పెద్ద పొడని పెంచుకోవాలంటే ఎలాంటి చోట ఉంచాలి అన్న ప్రశ్న ఆయన వెతుకులాటలో లేదు.

మా నర్సీపట్నం మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లాలోదే. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. పాత రికార్డుల్లో గొలుగొండ తాలూకాకి ముఖ్యపట్టణం. ఈ గొలుగొండ కొండల్ని తెల్లవాళ్లు ‘గోల్కొండ హిల్స్’ అని రాయడంతో హైదరాబాదు వజ్రాల కోటతో కలిపేసుకున్నవాళ్లు ఎందరో. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ 1870లో ఈ కొండల నుంచే ఒక కొత్త నలికీచుని లోకానికి చెప్పాడు, సెప్సోఫిస్ పంక్టాటస్ అని. ఆ తర్వాత నూట ముప్ఫై ఏళ్లకి పైగా దాన్ని మళ్లీ చూశామన్నవాడు లేడు. 2013లో గానీ మళ్లీ దొరికిందని పత్రికకెక్కలేదు. ఉద్యోగమంతా ఈ ఊళ్లో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పాను, మా కొండ జంతువు గురించి సిలబస్‌లో ఒక్క ముక్క లేదు. సరే, అది వేరే గొడవ.

మన దేశంలో పాముకి మొదటి ఇల్లు బుట్ట. నా చిన్నప్పుడు సంత రోజున పాములవాళ్లు కావిడి దింపేవాళ్లు. వెదురుతో అల్లిన గుండ్రటి, పల్చటి బుట్టలు, ఒకదాని మీద ఒకటి. మూత మీద గుడ్డ. నాగుపాము బుట్టలోంచి లేచేది. కొండచిలువ మాత్రం బుట్టలో పట్టదు కదా, గోనెసంచిలోంచి వచ్చేది. దాన్ని మెడలో వేసుకుని చుట్టూ తిరిగి పైసలు అడిగేవాళ్లు. ఆ సంచిలో నీళ్లు లేవు, నడుం చాపుకునే చోటు లేదు. చాలా నాగుల నోళ్లు కుట్టేసి ఉండేవని తర్వాత తెలిసింది. కొత్త పామును పట్టుకోవడం పాతదాన్ని బతికించడం కన్నా తేలికైనప్పుడు బుట్టని బాగుచేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

బతికించక తప్పని పరిస్థితి చలి దేశాల్లో వచ్చింది. అక్కడ పాము అంటే ఓడల మీద నెలల తరబడి వచ్చిన సరుకు, చస్తే డబ్బు పోయినట్టే. లండన్ టవర్‌లో రాజుగారి జంతుశాల ఉండేది. 1829లో దాని మీద బెన్నెట్ అనే ఆయన పుస్తకం వేశాడు. అందులో మన దేశపు కొండచిలువలూ ఉన్నాయి. ఒకటి గుడ్లు పెట్టి, వాటిని శంకువులా చుట్టుకుని కూచుంది. ఒక్క గుడ్డూ పిల్ల కాలేదు. జంతుశాల పెద్ద ఆల్ఫ్రెడ్ కాప్స్ ఒకరోజు పాముకి కోడిని అందిస్తున్నాడు. పాము కుబుసం విడిచే ముందు దాని కళ్ల మీద పాలపొర కమ్ముతుంది, సరిగ్గా కనపడదు. ఆ సమయంలో ఉన్న పాము గురి తప్పి, కోడికి బదులు కాప్స్ బొటనవేలిని పట్టుకుంది. మరుక్షణం చేతికీ మెడకీ చుట్టేసింది. పనివాళ్లు ఇద్దరు పరిగెత్తుకొచ్చి దాని పళ్లు విరిచి వదిలించారు గానీ లేకపోతే ఆయన పని అంతే. దీన్ని క్లాసులో చెబితే పిల్లలు నవ్వేవాళ్లు. నేను నవ్వొద్దనేవాణ్ణి, పాము కన్ను నీలంగా మసకబారిందంటే మేత పెట్టకూడదనే నియమం వెనక ఇలాంటి బొటనవేళ్లున్నాయి.

1849లో లండన్ జూలో ప్రపంచంలోనే మొదటిదంటున్న సరీసృపాల ఇల్లు తెరిచారు. అక్కడ పాములకి వెచ్చదనం కోసం కంబళి వేసేవాళ్లు. 1851లో ఒక బోవా పాము రాత్రికి రాత్రి మేతతో పాటు కంబళిని కూడా మింగేసింది. నెలకు పైగా కడుపులో ఉంచుకుని చివరికి బయటికి కక్కింది. పాము బతికింది. పత్రికలు ఆటాడుకున్నాయి. నాకు మాత్రం ఈ కథలో మింగడం కన్నా కంబళే ముఖ్యం. ఒంట్లో వేడి పుట్టే మనిషికి కంబళి ఆ వేడిని ఆపుతుంది. పాము ఒంట్లో ఆపడానికి వేడెక్కడిది? బయటి వేడి ఎంతో దాని వేడి అంత. అది తెలిసీ కంబళి కప్పారంటే, పెట్టె కట్టేవాడు పాము సంగతి కాదు, తన సంగతి ఆలోచిస్తున్నాడన్న మాట.

అయితే ఈ నియమానికి మన కొండచిలువే ఒక మినహాయింపు తెచ్చిపెట్టింది. ఆడది గుడ్ల చుట్టూ చుట్టుకున్నప్పుడు ఒళ్లు వేడెక్కుతుందని లమార్-పికో అనే ఫ్రెంచివాడు మన దేశం నుంచి వెళ్లి చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. 1841లో పారిస్ మ్యూజియం జంతుశాలలోనే ఒక కొండచిలువ గుడ్లు పెట్టింది. అక్కడి శాస్త్రవేత్త వాలెన్సియెన్ థర్మామీటరు పెట్టి చూశాడు. మడతల మధ్య వేడి నిజంగానే గదిలో వేడి కన్నా ఎక్కువుంది. ఎలా పుడుతోందన్నది తేలడానికి ఇంకా నూట పాతికేళ్లు పట్టింది. 1966లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ పాము మీద చేసిన పరిశోధన అచ్చయింది. గుడ్లు చుట్టుకున్న తల్లి కండరాల్ని ఉండుండి ఎగరేస్తుంది. చలి ఎక్కువైన కొద్దీ ఎగరేయడం జోరందుకుంటుంది. మనం చలికి వణికినట్టే, కాకపోతే గుడ్ల కోసం.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా చెల్లెలి మనవడు బెంగళూరు నుంచి ఉద్యోగాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని నర్సీపట్నం వచ్చేశాడు. దాంతో పాటు బాల్ పైథాన్‌ని కూడా తెచ్చాడు. ఇది మన కొండచిలువ కాదు. పశ్చిమ ఆఫ్రికాది, ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పెంపకానికి లక్షల్లో బయటికెళ్లిన జాతి. భయపడితే తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. మామూలుగా నాలుగైదడుగులకి మించదు. 1992లో అమెరికాలో బాబ్ క్లార్క్ తెల్లది, అంటే అల్బినో, పుట్టించాక దీని వ్యాపారమే మారిపోయింది. రంగుని బట్టి రేటు. అక్కడే ప్లాస్టిక్ డబ్బాల్ని బీరువా అరల్లా పేర్చి పాముల్ని పెంచే పద్ధతీ పెరిగింది. నాకది నచ్చదు. గోనెసంచికి దానికి తేడా కింద ఉన్న వేడి పట్టీ ఒక్కటే.

మావాడు పాముల పెంపకం పుస్తకాలన్నీ చదివాడు. వడ్రంగి మేస్త్రిని పిలిచి కొలతలిచ్చాడు: నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు, ముందు అద్దం. మేస్త్రి కాగితం తిప్పి చూసి నా దగ్గరికొచ్చాడు.

“ఏటి మాస్టారూ, ఇది దేవుడి మందిరమా, కోళ్ల గూడా?”

“పాముకి.”

“అలాగైతే అద్దం జరిగేది పెట్టకండి. రెండద్దాల నడుమ సందొస్తాది. ఆ సందులోంచే పోద్ది.”

పుస్తకాల్లో లేని మాట కాదు గానీ, అంత సూటిగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ముక్కు పట్టిన చోట ఒళ్లు పడుతుంది. చివరికి జరిగే అద్దాలే పెట్టాం, కానీ సందుకి రబ్బరు పట్టీ, బయట తాళం. గాలికి పక్కలకి రంధ్రాలు, వాటి మీద సన్న జాలీ. లోపల వార్నిష్ వాసన పోయేదాకా పెట్టె వాకిట్లో ఎండింది.

అసలు తగువు పైన బల్బు దగ్గరొచ్చింది. వెచ్చటి వైపు 32 డిగ్రీలు, చల్లటి వైపు 26 ఉండాలి, మధ్యలో పాము తనకి కావలసిన చోటు ఎంచుకోవాలి. ఈ లెక్క సరైనదే. కానీ ఆ పుస్తకాలన్నీ గది చల్లగా ఉందనే మొదలవుతాయి. బల్బులు, వేడి పట్టీలు, థర్మోస్టాట్లు, అన్నీ కంబళి పిల్లలే. మేడ మీద గదిలో, స్లాబు కింద, మేలో మా ఊళ్లో 26 ఎక్కడిది? బయట నలభై దాటడం ఇక్కడ కొత్త కాదు. చలి పాముని మెల్లగా చంపుతుంది, వేడి మధ్యాహ్నం ఒక్కపూటలో చంపుతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గర అద్దాల పెట్టె పెట్టడం అంటే ఇక చెప్పక్కర్లేదు.

నేను చెప్పింది కింద పాత పెంకుటింటి నడిమి గది. బియ్యం బస్తాలుండే గది. మట్టిగోడలు అడుగున్నర మందం. పెట్టెని ఉత్తరపు గోడకి ఆనించాం, రెండు చివరలా రెండు థర్మామీటర్లు. దాక్కోవడానికి బజార్లో అమ్మే ప్లాస్టిక్ గుహ మానేసి, కుమ్మరి దగ్గర కాల్చిన కుండ తెచ్చి, మూతి దగ్గర చిప్ప కొట్టి బోర్లించాం. చల్లటి వైపు కుండ మీద పొద్దున్నే నీళ్లు చిలకరిస్తే సాయంత్రం దాకా లోపల చల్లగా ఉంటుంది, తేమా ఉంటుంది. రెండో కుండ వెచ్చటి వైపు. నీళ్లకి వెడల్పాటి మూకుడు, పాము మొత్తం దిగి కూచునేంత. వెలుగివ్వని సిరామిక్ బల్బు లంబసింగి వైపు మంచు దిగే డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే, దాని చుట్టూ ఇనుప జాలీతో. మావాడు వాదించాడు గానీ, మే నెల మొదటి వారం థర్మామీటరు చూశాక మాట్లాడలేదు.

నిజానికి ఈ కిటుకు నాది కాదు, మన కొండచిలువదే. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో అవి ఏదుపందులు తవ్విన బొరియల్లో ఉంటాయి. చలికాలం పొద్దెక్కాక బొరియ మూతి దగ్గరికొచ్చి ఎండ కాగుతాయి, మళ్లీ లోపలికి పోతాయి. ఒకే బొరియలో వెచ్చటి మూలా చల్లటి మూలా రెండూ. జూలు కూడా ఈ దారికే వచ్చాయి. కంబాలకొండ పక్కన 1977లో జనానికి తెరిచిన విశాఖ జూకి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడల్లా కొండచిలువ కనపడటం లేదని వాళ్ల ఫిర్యాదు. కనపడకపోతే ఆ గది బాగున్నట్టని నేను చెప్పేవాణ్ణి, ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

కొండచిలువనే పెంచుకుంటే పోలేదా అని ఊళ్లో కనీసం నలుగురు అడిగారు. పోదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు. ఇంట్లో ఉంచితే మూడేళ్లకు తగ్గని జైలు. ఒకప్పుడు మద్రాసు నుంచి పాము తోళ్లు ఓడలకెత్తి పంపేవాళ్లు, 1976లో ఆ ఎగుమతి ఆపారు. విదేశీ పాములకి మాత్రం చాలాకాలం అడిగేవాడు లేడు. 2022 సవరణ వాటినీ షెడ్యూల్లోకి తెచ్చింది, 2024 ఫిబ్రవరి నియమాలు నమోదు తప్పనిసరి చేశాయి. మావాడి పాముకి ఆ కాగితం ఉంది; లేకపోతే నేను కుండ తెచ్చేవాణ్ణి కాదు. ఎందుకింత పట్టుదల అంటే ఫ్లోరిడా చూడాలి. పెంపుడు బర్మా కొండచిలువలు అక్కడి చిత్తడి అడవిలో పడి పెరిగాయి; 2017లో వాటిని పట్టడానికి మన తమిళనాడు నుంచి పాములు పట్టే ఇరుల తెగ వాళ్లిద్దర్ని పిలిపించుకునే దాకా వ్యవహారం వెళ్లింది. సందు ఎక్కడుంటుందో మా మేస్త్రి వాళ్లకి ముందే చెప్పగలిగేవాడు.

కిందటి వానాకాలం బలిఘట్టం వైపు వరహా నది ఒడ్డున చేపల వలలో అసలు కొండచిలువే చిక్కింది. చుట్టూ జనం, కర్రలు. మావాడు వల కోస్తుంటే నేను కర్రలు కింద పెట్టించే పనిలో ఉన్నాను. అడవి సిబ్బంది వచ్చేదాకా దాన్ని నీడలో గోనెసంచిలో ఉంచాం, సంచి తడుపుతూ. “మన పెట్టెలో పెడదామా తాతయ్యా, ఒక్క గంట” అన్నాడు. కుదరదన్నాను. ఒకటి చట్టం, రెండోది, అడవి పాము ఒంటి మీద పిడుదులుంటాయి, ఇంటి పాముకి అంటుకుంటాయి.

ఇక మేత. పది పన్నెండు రోజులకొక ఎలక, ఎక్కువ పెడితే ఒళ్లు కొవ్వెక్కుతుంది. చచ్చిన ఎలకలు ఫ్రీజర్లో ఉంచాలన్నాడు. మా చెల్లెలు వంటింటి ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా నిలబడింది. “అన్నయ్యా, వేరే ఫ్రిజ్ కొనమను. అది కూడా నీ గదిలో పెట్టుకో” అంది. కొన్నాం. శుక్రవారం మేత పెట్టకూడదని కూడా షరతు పెట్టింది, దానికి పాముకేమీ అభ్యంతరం లేదు.