ఇంటి బీరు: పొంగును అదుపు చేసే పద్ధతుల చరిత్ర

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి రసంలో ఈస్ట్ కలిపాక, మొదటి రెండు మూడు రోజుల్లో వాయువు, నురగ, వేడి ఒక్కసారిగా పుడతాయి. కిలో గ్లూకోజు పూర్తిగా పులిస్తే దాదాపు 250 లీటర్ల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కల్లు కుండ నురగలు కక్కడానికీ ఈ చర్యే కారణం.

మెసొపొటేమియా బీరు దేవత నిన్‌కాసిని కీర్తించే గీతం సుమారు క్రీ.పూ. 1800 నాటిది. ఆ తర్వాత వేల ఏళ్లపాటు ఇళ్లలో ఆడవాళ్లు, ఐరోపా మఠాల్లో సన్యాసులు మూత బిగించని పాత్రల్లోనే బీరు పులియబెట్టారు. జర్మనీలోని బవేరియాలో 1553 నుంచి ఏప్రిల్ 23, సెప్టెంబరు 29 మధ్య తయారీని నిషేధించారు. వేసవిలో సరుకు చెడిపోతుండేది.

పొంగుకు అసలైన పరిష్కారం ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్‌లో రూపుదిద్దుకుంది. 1838లో పీటర్ వాకర్ పేటెంటు పొందిన ‘బర్టన్ యూనియన్’ పద్ధతిలో, ఒక్కొక్కటి సుమారు 680 లీటర్లు పట్టే ఓక్ పీపాలను వరుసగా అమరుస్తారు. పొంగిన నురగ ప్రతి పీపా నుంచి లేచిన వంపు గొట్టం గుండా పైనున్న తొట్టిలో పడుతుంది. ఈస్ట్ అక్కడే నిలిచిపోతుంది, తేరిన బీరు మళ్లీ పీపాల్లోకి దిగుతుంది. పొంగును అణచకుండా, దానిచేతే ఈస్ట్‌ను వేరు చేయించిన ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది. మార్స్‌టన్స్ కర్మాగారం దీన్ని 2024 వరకు వాడింది. అక్కడి పీపాల వరుస ఒకటి అదే ఏడాది డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బీరు కర్మాగారానికి చేరింది.

పొంగుకు మూలమైన ఈస్ట్ ఒక జీవి అని 1837లో శాస్త్రవేత్తలు కానియార్ ద లాటూర్, ష్వాన్ వెల్లడించారు. బీరుపై శాస్త్రవేత్త పాశ్చర్ రాసిన గ్రంథం 1876లో వెలువడింది. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ శుద్ధమైన ఈస్ట్‌ను వేరు చేశాడు. ఇంజనీరు లిండె రూపొందించిన శీతలీకరణ యంత్రాలు వచ్చాక వేడి కర్మాగారాల చేతికి చిక్కింది.

ఇళ్లలో తయారీకి మాత్రం చట్టపరమైన వెసులుబాటే ఆలస్యంగా అందింది. బ్రిటన్ ఇంటి బీరు తయారీకి 1880లో విధించిన లైసెన్సును 1963లో ఎత్తివేసింది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఇంటి బీరుపై పన్ను తీసేసింది. ఇరుకు మూతి గాజు జాడీలు వాడిన ఔత్సాహికులు బర్టన్ సూత్రాన్నే చిన్నగా అమలు చేశారు: జాడీ మూతికి అంగుళం వెడల్పు గొట్టం బిగించి, రెండో కొసను నీళ్ల బకెట్‌లో ముంచుతారు. గొట్టం సన్నదైతే బీరులో వేసే హాప్ పూల తుక్కు అడ్డుపడి, ఒత్తిడికి మూత ఎగిరిపోతుంది, జాడీ పగలనూ వచ్చు. అందుకే 19 లీటర్ల బీరుకు 23 నుంచి 25 లీటర్ల పాత్ర వాడటం మేలు. పులిసే ద్రవం గది కంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది కాబట్టి, ఏల్ రకం బీర్లను నీళ్ల తొట్టిలో ఉంచి 18–20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుపుతారు.

భారతదేశంలో మద్యం తయారీ రాష్ట్రాల పరిధిలోని అంశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం నేరం.